స్పార్క్ పరీక్షలో నన్ను ఆపేసిన ఎక్స్‌ప్లోడ్

డేటాబ్రిక్స్ వారి స్పార్క్ (పెద్ద డేటాను చాలా కంప్యూటర్లకు పంచి ప్రాసెస్ చేసే సాఫ్ట్‌వేర్) అసోసియేట్ డెవలపర్ పరీక్షకు చదువుతున్న మిత్రులకు నా అనుభవం చెబుతున్నాను. నేను రాసిన వెర్షన్‌లో 60 ప్రశ్నలు, 120 నిమిషాలు, పాస్ మార్కు 70 శాతం. మొదటిసారి పోయింది. ఆర్కిటెక్చర్, జాయిన్లు, క్యాషింగ్ బాగానే చదివాను. కాలమ్‌లో అర్రే (విలువల జాబితా), ఆ అర్రేలో స్ట్రక్ట్ (పేర్లున్న ఫీల్డుల గుంపు) ఉన్న డేటా దగ్గర మాత్రం ఫంక్షన్ల పేర్లు బట్టీ పట్టి వెళ్లాను. ఆప్షన్లన్నీ ఒకేలా కనిపించేసరికి టెన్షన్ మొదలైంది.

రెండోసారికి పద్ధతి మార్చాను. నోట్‌బుక్‌లో ఒక టిఫిన్ సెంటర్ ఆర్డర్లు మూడే మూడు వరుసలు రాసుకున్నాను. 101లో ఇడ్లీ, వడ. 102లో ఖాళీ అర్రే. 103లో నల్, అంటే విలువే లేదు. కోడ్ రన్ చేసే ముందు ఎన్ని వరుసలు వస్తాయో చేత్తో రాసేదాన్ని. అర్రేలో ఒక్కో విలువను ఒక్కో వరుసగా విడగొట్టే ఎక్స్‌ప్లోడ్ చేస్తే రెండే వస్తాయి, 102, 103 చప్పుడు లేకుండా మాయమవుతాయి. ఎర్రర్ రాదు కాబట్టి ఉద్యోగంలో కూడా ఇది చాలా ప్రమాదం. ఖాళీ, నల్ ఉన్నవాటికీ ఒక్కో వరుస ఉంచే ఎక్స్‌ప్లోడ్ అవుటర్ వాడితే నాలుగు వస్తాయి. ఈ తేడా చేత్తో రాశాక మళ్లీ మరిచిపోలేదు.

తర్వాత కూపన్ల అర్రే కూడా కలిపాను. ఒకే సెలెక్ట్‌లో రెండు ఎక్స్‌ప్లోడ్‌లు పెడితే స్పార్క్ ఒప్పుకోదు. కొత్త కాలమ్ చేర్చే విత్‌కాలమ్‌తో ఒకదాని తర్వాత ఒకటి రాస్తే ఒప్పుకుంటుంది, కానీ రెండు ఐటమ్‌లు, మూడు కూపన్లు కలిసి ఆరు వరుసలవుతాయి. అప్పుడు ధరలు కూడితే బిల్లు మూడింతలు! రెండు అర్రేల్లో ఒకే స్థానంలో ఉన్నవి జతగా కావాలంటే ముందు అర్రేస్ జిప్ చేసి, తర్వాత ఒక్కసారే ఎక్స్‌ప్లోడ్ చేయాలి.

అసలు ఎక్స్‌ప్లోడ్ అవసరమా అని కూడా అడగండి. అర్రేలో ప్రతి ధరకూ పన్ను కలపడానికి విడగొట్టి, గ్రూప్‌బై చేసి, కలెక్ట్ లిస్ట్‌తో మళ్లీ అర్రేగా చేస్తే మధ్యలో షఫుల్ (డేటా కంప్యూటర్ల మధ్య కదలడం) పడుతుంది, పైగా పాత వరుసక్రమానికి గ్యారంటీ లేదు. ట్రాన్స్‌ఫార్మ్ అనే ఫంక్షన్ అదే పనిని వరుస లోపలే పూర్తి చేస్తుంది. ట్రాన్స్‌ఫార్మ్, ఫిల్టర్, అగ్రిగేట్ ఎస్‌క్యూఎల్‌లో స్పార్క్ 2.4 నుంచే ఉన్నాయి, పైథాన్ ఫంక్షన్లుగా 3.1లో వచ్చాయి. విడగొట్టక తప్పనప్పుడు పోస్ఎక్స్‌ప్లోడ్‌తో స్థానం కూడా తీసుకోండి, తిరిగి కలిపేటప్పుడు దాని ప్రకారం సార్ట్ చేయవచ్చు.

లెక్క మొదలయ్యే అంకె దగ్గర కూడా జాగ్రత్త. పోస్ఎక్స్‌ప్లోడ్, అర్రేలోంచి ఒక విలువ తీసే గెట్ఐటమ్ 0 నుంచి లెక్కపెడతాయి, అదే పని చేసే ఎలిమెంట్ ఎట్ మాత్రం 1 నుంచి.

రెండోసారి పరీక్షలో ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా మనసులో ఆ మూడు ఆర్డర్లే వేసుకున్నాను. పాసయ్యాను. మీరూ మీ మూడు వరుసలు రాసుకుని, అర్రేలో అర్రేలు పెట్టి, వాటిలో ఒకదాన్ని నల్ చేసి ఫ్లాటెన్ (లోపలి అర్రేలను ఒకే అర్రేగా కలిపే ఫంక్షన్) రన్ చేయండి. మిగతావి కలిసి వస్తాయని నేను రాసుకున్నాను, వచ్చింది మాత్రం మొత్తం నల్.