పుట్టుమచ్చల పరీక్ష పాదాల నుంచి మొదలుపెట్టండి

మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గురించి నెట్‌లో కనిపించే సలహాలు చాలావరకు తెల్లవాళ్ల చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఎండ తగిలే వీపు, పిక్కలు చూసుకోమంటాయి, సన్‌స్క్రీన్ రాసుకోమంటాయి. మనకు ఆ లెక్క చాలదు. ఈ జబ్బు మనవాళ్లలో అరుదే. కానీ వచ్చినప్పుడు చాలాసార్లు ఎండ పొడ తగలని చోటే వస్తుంది: అరికాలు, మడమ, అరచేయి, గోటి కింద. ఆ చోట్లను ఎవరూ పట్టించుకోరు కాబట్టే ముదిరాక బయటపడుతుంది.

నెలకోసారి స్నానం చేశాక, పాదాలు ఆరాక, పగటి వెలుతురులో కూర్చుని చూసుకోండి. గోళ్ల రంగు తుడిచేయండి, మెట్టెలు తీసేయండి. అరికాలి కింద చేతి అద్దం పెట్టి మడమ, పాదం అంచులు చూడండి. ఒక్కో వేలిని విడదీసి సందుల్లో చూడండి. వంగలేని పెద్దవాళ్లకు ఇంట్లో ఇంకొకరు చూడాలి. షుగర్ ఉన్నవాళ్లు పుండ్ల కోసం పాదాలు రోజూ చూసుకోవాల్సిందే, మచ్చలు కూడా అప్పుడే గమనించవచ్చు. మచ్చ కనిపిస్తే పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో ఫొటో తీయండి. మళ్లీ నెల అదే దూరం నుంచి, అదే వెలుతురులో తీస్తేనే పోల్చడానికి పనికొస్తుంది.

దేన్ని అనుమానించాలి? మచ్చ రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచులు వంకరటింకరగా ఉండటం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మి.మీ. దాటిన వెడల్పు అనే నాలుగు గుర్తులను న్యూయార్క్ వైద్యులు 1985లో చెప్పారు. మచ్చ మారుతూ ఉండటమనే ఐదోది 2004లో చేరింది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఆ ఐదోదే. పాదం విషయంలో ఇంకొకటి కలుపుకోవాలి: ఆనెకాయో, పులిపిరో, దెబ్బో అనుకున్నది రెండు నెలలైనా మానకపోయినా, రక్తం కారినా డాక్టరుకు చూపించాలి. కొన్ని మెలనోమాలకు నలుపే ఉండదు, ఎర్రటి కండలా కనిపిస్తాయి. ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుతూ, కార్న్ ప్లాస్టర్లు మారుస్తూ నెలలు పోగొట్టుకోవద్దు.

చర్మ వైద్యులు డెర్మోస్కోప్ అనే భూతద్దంతో చూస్తారు. అరికాలి చర్మం దున్నిన చేనులా చాళ్లు, గట్లుగా ఉంటుంది. మామూలు పుట్టుమచ్చ రంగు ఎక్కువగా చాళ్లలో గీతలు కడుతుంది, మెలనోమా రంగు గట్ల మీద పరుచుకుంటుంది. ఇక్కడ మనవాళ్లకు ఒక చిక్కుంది. గోరింటాకు రంగు కూడా గట్ల మీదే పట్టి మోసం చేయగలదు. అందుకే ఆషాఢంలో పాదాలకు పెట్టుకునేవాళ్లు పెట్టుకోకముందే చూసుకోవడం మంచిది, డాక్టరు దగ్గరికి వెళ్తే ఆ సంగతి ముందే చెప్పాలి.

గోళ్ల మీద నల్లటి నిలువు గీతలు చామనఛాయ, నలుపు ఉన్నవాళ్లలో మామూలే, ముఖ్యంగా చాలా వేళ్లకు ఉంటే. పెద్దవయసులో ఒకే వేలికి, అందులోనూ బొటనవేలికి, కొత్తగా వచ్చిన గీతను వదలొద్దు. గీత వెడల్పు 3 మి.మీ. దాటితే అనుమానించాలి. గోరు మొదట్లో వెడల్పుగా, చివర సన్నగా ఉంటే అది పెరుగుతున్నట్టే. నలుపు గోరు చుట్టూ ఉన్న చర్మంలోకి పాకితే ఆలస్యం చేయకండి. దెబ్బ తగిలి గడ్డకట్టిన రక్తమైతే గోటితోపాటు ముందుకు జరుగుతుంది, వెనక తెల్లటి గోరు వస్తుంది. చేతిగోరు నెలకు సుమారు 3 మి.మీ., కాలిగోరు అందులో సగం పెరుగుతాయి కాబట్టి రెండు ఫొటోలతో తేలిపోతుంది. గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలిగోటి కింద బయటపడింది ఈ జబ్బే. 1981లో, 36 ఏళ్లకే పోయాడు.

అనుమానం ఉన్న మచ్చను లేజర్‌తోనో కరెంటుతోనో కాల్పించుకోవద్దు. కాలిపోతే పరీక్షకు ముక్క మిగలదు, మందం ఎంతో ఎప్పటికీ తెలియదు. చిన్న మచ్చనైతే చుట్టూ 1 నుంచి 3 మి.మీ. చర్మంతో మొత్తంగా తీసి పాథాలజీకి పంపుతారు. పెద్దదైతే బాగా మందంగా ఉన్న చోట ముక్క తీస్తారు. రిపోర్టులో బ్రెస్లో మందం, అంటే మెలనోమా చర్మంలోకి ఎంత లోతు దిగిందో చెప్పే అంకె, ఉందో లేదో చూడండి, లేకపోతే అడగండి. 1 మి.మీ. లోపైతే చాలామందికి చుట్టూ మరికొంత చర్మం తీసేయడంతో సరిపోతుంది. అది దాటితే దగ్గరి లింఫ్ గ్రంథిని కూడా పరీక్షించమంటారు. పరీక్షించిన స్లైడ్లు, తీసిన ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకు అడిగి తెచ్చుకుని దాచుకోండి, క్యాన్సర్ ఆస్పత్రిలో మొదట అడిగేవాటిలో అవీ ఉంటాయి.