ఐలేసా అరిచింది నేనే

మన స్కూలు బ్యాచి మళ్ళీ కలుస్తున్న సందర్భంగా వేసే సంచికకి రెండు పేజీలు రాయమని కమిటీ వాళ్ళు గ్రూపులో మూడుసార్లు అడిగారు. నాలుగోసారి మన రేడియోగాడు ఫోన్ చేసి, "ఒరే ఐలేసా, నువ్వు రాయకపోతే ఆ పేజీలో నీ తొమ్మిదో తరగతి ఫొటో వేసేస్తాం" అన్నాడు. ఆ ఫొటో సంగతి మీకు తెలుసు కదా. అందుకే రాస్తున్నాను.

ఆరు, ఏడు, ఎనిమిది నాకు పెద్దగా గుర్తులేవు. చింతచెట్టు, టమాటాగాడి సైకిలు, అంతే. తొమ్మిదిలో అర్ధసంవత్సరం తెలుగు పేపరు మాత్రం నిన్న రాసినట్టుంది. 'మూకాభినయం' అనే పదానికి అర్థం రాసి సొంతవాక్యంలో ప్రయోగించమన్నారు. నేను రాసింది ఇది: "మూకాభినయం అనగా మూక అంతా కలిసి చేయు నటన. మా వీధి కుళాయి దగ్గర ప్రతిరోజూ మూకాభినయం జరుగును."

మాస్టారు దాన్ని పైకి చదివారు. క్లాసంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వకుండా సుద్దముక్క తీసుకున్నారు. ఇక బెల్లు కొట్టినా, లెక్కల మేడమ్ గుమ్మంలో నిలబడినా ఆగితే ఒట్టు.

"మూక అంటే గుంపే, కాదనను. అది తెలుగు మూక. ఇక్కడున్నది సంస్కృతం మూక. దాని వికృతే మన మూగ. అమరకోశం ఏమంది? 'వ్యంజకాభినయౌ సమౌ.' వ్యంజకమన్నా అభినయమన్నా ఒకటే. లోపలున్నదాన్ని బయటపెడుతుంది కాబట్టి వ్యంజకం. చూసేవాడి వైపు తీసుకెళ్తుంది కాబట్టి అభినయం. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అది నాలుగు విధాలు. అందులోంచి వాచికం తీసేశావనుకో, నాలుగు కోళ్ళ మంచానికి ఒక కోడు ఊడదీసినట్టే. ఆ మంచం మీద పడిపోకుండా పడుకోవాలి. అదిరా మూకాభినయం."

తర్వాత పర్యాయపదాలు. మూగాభినయం, మూకనాటిక అని బోర్డు మీద రాసి, అక్కణ్ణించి సైగలోకి దిగారు. సైగ, సంజ్ఞ, సన్న, ఇంగితం. సంజ్ఞ ప్రకృతి, సన్న వికృతి, కనుసన్నలో ఉన్నది అదే. "ఇంగితమన్నా సైగేరా. నీకు ఏ అర్థంలోనూ లేదు" అని నా వైపు చూశారు. మార్కు మాత్రం అర వేశారు, అభినయమంటే నటన అని రాసినందుకు.

శిక్ష ఏమిటో మీకు తెలుసు. "మూకంతా కలిసి చెయ్యాలన్నావుగా, వార్షికోత్సవానికి మీ బెంచీ మూకే చెయ్యండి" అన్నారు. ఏం చెయ్యాలో తోచక టెన్షన్ పడుతుంటే మా బెంచీ డొక్కుగాడు, ఒడ్డు మీద నిలబడి లాగే అలివి వల లాగుదామన్నాడు. జాలరిపేట వాడు, వాడి కంటే ఎవరికి తెలుసు? సాయంత్రాలు బీచికి తీసుకెళ్ళి వాళ్ళ నాన్న వాళ్ళు లాగుతుంటే చూపించేవాడు. రెండు మోకులు, రెండు జట్లు, లాగుతూ లాగుతూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి. "సేతుల్తో లాగితే వల రాదురా బాబూ. మడమ ఇసకలో దింపి నడుంతో లాగాల" అనేవాడు. లేని తాడు లాగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. టమాటా చేతిలో మోకు ఉండేది, నా చేతిలో దారం. రెండు చేతుల మధ్య ఎడం మారితే చాలు, తాడు సాగినట్టే.

ఆ రోజు మైకుసెట్టు వాడు కూడా బీడీ ఆర్పేసి చూశాడు. రెండు జట్లూ దగ్గరికొచ్చాయి. వల ఒడ్డుకి వచ్చేస్తోంది. నిజంగానే బరువు తగిలింది నాకు. "ఐలేసా!" అని అరిచేశాను. వెంటనే జనమంతా "ఐలేసా!" మాస్టారు ముందు వరసలో కూర్చుని, నోరు విప్పకుండా, చూపుడువేలు సగానికి మడిచి నాకు చూపించారు.

పదో తరగతి, ఐటీఐ, అవన్నీ వదిలేద్దాం. పోర్టులో కళాసీగా చేరి, సిగ్నల్‌మ్యాన్ అయ్యి, ఇప్పుడు కొత్త కుర్రాళ్ళకి క్రేన్ సైగలు నేర్పుతున్నాను. ఓడ అడుగున ఏముందో పైనున్న ఆపరేటర్‌కి కనబడదు, ఆ రొదలో మాట వినబడదు. చూపుడువేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తు, కిందికి చూపించి తిప్పితే దించు. మూక ఎంతున్నా సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. ఆపమని మాత్రం ఎవడు చూపినా ఆపాల్సిందే. నా సైగ మీద దిగిన బరువు ఇన్నేళ్ళలో ఒక్కరి కాలి మీద కూడా పడలేదు. ఇది కాస్త గొప్పగానే రాస్తున్నాను, రేడియో కత్తిరించకూడదు.

ఒకసారి ఓడలో వచ్చిన ఇంగ్లండు ఆఫీసరు, క్రిస్మస్‌కి మనవరాలిని పాంటోమైమ్‌కి తీసుకెళ్తానన్నాడు. మూగనాటకం చిన్నపిల్లకేం అర్థమవుతుందన్నాను. ఆయన పడీపడీ నవ్వాడు. వాళ్ళ ఊళ్ళో దానికి పాటలూ మాటలూ అన్నీ ఉంటాయట, చూసేవాళ్ళు కూడా అరవాలట! గ్రీకులో ఆ మాటకి అన్నిటినీ అనుకరించేవాడని అర్థం, మూగ అన్న ముక్కే అందులో లేదు. అంటే నా ఐలేసా అక్కడైతే తప్పు కాదన్నమాట. మిగతా అర మార్కు సంగతి మాస్టారి దగ్గర తేల్చుకోవాలి, ఆయన వస్తున్నారని కమిటీ వాళ్ళు చెప్పారు.

వల మళ్ళీ లాగుదామని డొక్కు అంటున్నాడు. మోకాళ్ళు బాగున్నవాళ్ళు ముందు, మిగతావాళ్ళు వెనక. ముందురోజు సాయంత్రం ఆర్కే బీచిలో రిహార్సల్. తాడు ఎవరూ తేవద్దు.