సైంటిస్ట్-బి ఇంటర్వ్యూలో ఒక మిల్లీ-జీ నన్ను ముంచిన కథ

దేశ రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓకి ప్రిపేర్ అవుతున్న ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) తమ్ముళ్లూ చెల్లెళ్లూ, అక్కడ శాస్త్రవేత్తగా చేరే మొదటి మెట్టు సైంటిస్ట్-బి నాకు రెండోసారికి వచ్చింది. మొదటిసారి గేట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష, దీని స్కోరే ఇక్కడ ఇంటర్వ్యూకి దారి) స్కోరు ఇంకా బాగుండేది, అయినా పోయింది. అది ఎలా పోయిందో చెబితేనే మీకు ఎక్కువ పనికొస్తుంది.

గేట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు. 65 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో ఆప్టిట్యూడ్ 15. దాన్ని వదిలేసి నెట్‌వర్క్స్ మీద పడి చచ్చేవాళ్లను చూస్తే జాలేస్తుంది. న్యూమరికల్ ప్రశ్నలకు నెగెటివ్ లేదు కాబట్టి ఖాళీగా వదలకండి. అంతే. సెలక్షన్ పద్ధతి నోటిఫికేషన్‌ను బట్టి మారుతుంటుంది, ఒక దశలో కొన్ని బ్రాంచ్‌లకు డిస్క్రిప్టివ్ పేపర్ కూడా పెట్టారు, అందుకే ముందు నోటిఫికేషన్ పూర్తిగా చదవండి. నేను చదవలేదు. గేట్‌కే వెయిటేజీ ఎక్కువ కదా, ఇంటర్వ్యూ ఎలాగోలా లాగించేద్దాం అనుకున్నా. ఇంటర్వ్యూలో విడిగా కనీస మార్కులు రావాలన్న లైను చూసేసరికి ఆలస్యమైంది.

ఇక ఇంటర్వ్యూ. ఇష్టమైన సబ్జెక్టులేంటని బోర్డు అడిగితే సిగ్నల్స్, కంట్రోల్స్ అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. నావిగేషన్ అంటే ఆసక్తి అనీ, డీఆర్‌డీఓలో క్షిపణుల నావిగేషన్ మీద పనిచేసిన సతీశ్ రెడ్డి గారే స్ఫూర్తి అనీ కలిపాను. ఆయనది నెల్లూరు జిల్లా మహిమలూరు, అనంతపురం జేఎన్‌టీయూలో ఈసీఈ, 1986లో హైదరాబాద్‌లోని క్షిపణి ల్యాబ్ డీఆర్‌డీఎల్‌లో చేరిక, తర్వాత అక్కడే ఇంకో ల్యాబ్ ఆర్‌సీఐ, 2018లో డీఆర్‌డీఓ ఛైర్మన్, ఇవన్నీ తడుముకోకుండా చెప్పగలను మరి.

చివర్లో కూర్చున్న పెద్దాయన నవ్వి, "క్షిపణికి తానెక్కడుందో ఎలా తెలుస్తుంది?" అన్నారు. జీపీఎస్ అన్నాను. "జీపీఎస్ లేదనుకో." వేగంలో మార్పును కొలిచే యాక్సిలరోమీటర్, తిరుగుడును కొలిచే జైరో అన్నాను. తెల్లకాగితం ముందుకు తోశారు. "యాక్సిలరోమీటర్‌లో ఒక మిల్లీ-జీ బయాస్ ఉంది. నిమిషం తర్వాత పొజిషన్‌లో తప్పెంత?" మిల్లీ-జీ అంటే గురుత్వ త్వరణంలో వెయ్యో వంతు, బయాస్ అంటే కొలతలో ఎప్పుడూ ఉండిపోయే తప్పు.

నోరెండిపోయింది. కొలతల్లో తప్పులను వడగట్టే కాల్మన్ ఫిల్టర్ అని ఏదో గొణిగాను. నిజానికి అది ఇంటర్ ఫిజిక్సే: సగం ఇంటూ ఏ (త్వరణం) ఇంటూ టీ (సెకన్లు) స్క్వేర్. 0.0098ని 3600తో గుణించి సగం చేస్తే సుమారు 17.6 మీటర్లు. పది నిమిషాలైతే తప్పు పదింతలు కాదు, వందింతలు, అంటే కిలోమీటరున్నర దాటిపోతుంది. ఆ వందింతల తప్పును తగ్గించే పనిలోనే సతీశ్ రెడ్డి గారి సర్వీసులో చాలా భాగం గడిచింది. నేనేమో ఆయన పదవులు బట్టీ కొట్టుకుని వెళ్లాను.

రెండోసారి మాక్ ఇంటర్వ్యూల జోలికి పోలేదు. అంతకుముందు ఒకచోట డబ్బు కట్టి వెళ్తే "డీఆర్‌డీఓనే ఎందుకు" అనే ప్రశ్ననే మూడు వారాలు అడిగారు. ఈసారి అమీర్‌పేట హాస్టల్ మేడ మీద రూమ్మేట్‌ను కూర్చోబెట్టి, నోట్సులో ప్రతి ఫార్ములాకూ "ఇందులో ఏ అంకె తప్పయితే ఏం జరుగుతుంది" అని అడిగించుకున్నా. వాడు మెకానికల్, వాడికి అర్థమయ్యేలా చెప్పలేకపోతే నాకూ రానట్టే లెక్క. రెండు నెలలు పట్టింది, మధ్యలో ఇద్దరం గొడవ కూడా పడ్డాం.

ఇంకో మాట. లెవెల్ 10 జీతం, 56,100 బేసిక్ చూసి, ఒక్క ఇంటర్వ్యూతో పనైపోతుందనుకునేవాళ్లుంటారు. ఇక్కడ సైంటిస్ట్-బి నుంచి సి, డి అంటూ ప్రమోషన్లతో పైకి వెళ్లాలంటే ఖాళీలతో సంబంధం లేదు, చేసిన పని చూపించి మళ్లీ బోర్డు ముందు కూర్చోవాలి. మొన్న అలా వెళ్లొచ్చిన సీనియర్ ఒకాయన్ను ఏమడిగారు సార్ అంటే, "నా డిజైన్‌లో తప్పు ఎక్కణ్నుంచి రావచ్చో చెప్పమన్నారు, ముప్పావుగంట అదే" అన్నారు.