మళ్లీ అదే కోడిగుడ్డు బొమ్మ

పదకొండున్నర దాటింది. ఈ వేళప్పుడు టైపు చేస్తున్నానంటే ఏదో గుచ్చుకుందని మీకు తెలుసుగా. ఈసారి గుచ్చుకున్నది ఒక బొమ్మ. మధ్యలో సూర్యుడు, చుట్టూ కోడిగుడ్డులా సాగదీసిన కక్ష్య, దాని మీద నాలుగుచోట్ల నాలుగు భూగోళాలు. కింద ఒక వాక్యం: రుతువులే జరిగిపోతున్నాయి, అందుకే మంచు ఆలస్యంగా కురుస్తోంది అని.

ఆ బొమ్మ చూసినవాళ్లు ఏమనుకుంటారు? సూర్యుడికి దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అనే కదా! భూమి సూర్యుడికి అతి దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో, 14.71 కోట్ల కిలోమీటర్లకి. అతి దూరం వెళ్లేది జులై మొదట్లో, 15.21 కోట్ల కిలోమీటర్లకి. ఉత్తరార్ధగోళం గడ్డకట్టుకుని ఉన్నప్పుడే భూమి సూర్యుడికి దగ్గర. ఈ ఒక్క ముక్కతో దూరం వాదన కూలిపోవాలి. కూలదు. బొమ్మకున్న బలం అలాంటిది.

కొలతల ప్రకారం గీసి చూడండి. కక్ష్య పొడవు పది సెంటీమీటర్లు పెట్టుకుంటే, వెడల్పు దానికన్నా తగ్గేది మిల్లీమీటరులో డెబ్బయ్యో వంతు. పెన్సిలు గీతే అంతకన్నా ఎన్నో రెట్లు మందం. అంటే కంపాసుతో గుండ్రంగా గీసేస్తే సరిపోతుంది. సూర్యుణ్ణి మాత్రం కేంద్రం నుంచి 0.8 మిల్లీమీటరు పక్కన పెట్టాలి. కోడిగుడ్డు ఎక్కడుంది ఇందులో?

పని చేసేదంతా భూమి అక్షానికున్న 23.4 డిగ్రీల వంపు. 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర జూన్ 21 మిట్టమధ్యాహ్నం సూర్యుడు 68 డిగ్రీల ఎత్తున ఉంటాడు, డిసెంబర్ 21న 22 డిగ్రీల కంటే పైకి రాడు. టార్చిలైటు నిటారుగా వేస్తే చిన్న వెలుగు చక్రం, ఏటవాలుగా వేస్తే సాగిన మరక. అదే వెలుగు చలికాలంలో రెండున్నర రెట్లు ఎక్కువ నేల మీద పలచబడుతుంది. పైగా పగలు పదిహేనున్నర గంటల నుంచి తొమ్మిది గంటల లోపుకి పడిపోతుంది. రెండూ కలిపితే రోజు మొత్తం మీద అందే ఎండలో తేడా దాదాపు నాలుగు రెట్లు. దూరం తెచ్చే తేడా ఎంతనుకున్నారు? ఏడు శాతం.

ఇక మంచు సంగతి. జూన్ 21, డిసెంబర్ 21 ఎక్కడికీ పోలేదు. రుతువు పక్కకి జరగలేదు, జరిగింది గాలి సున్నా డిగ్రీకి చేరే రోజు. శరత్తులో సగటు ఉష్ణోగ్రత రోజుకి 0.2 డిగ్రీల చొప్పున దిగుతోందనుకుందాం. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సున్నాకి చేరడానికి ఐదు రోజులు ఆలస్యం. వసంతంలో ఎక్కడం కూడా అదే వేగమైతే ఇంకో ఐదు రోజులు ముందు. ఒక్క డిగ్రీకి పది రోజుల మంచుకాలం మాయం. నడి చలికాలంలోనే మైనస్ ఒకటి దగ్గర ఊగిసలాడే చోట అయితే మొత్తానికే వాన. మైనస్ ఇరవై ఉండే చోట మాత్రం మంచు పెరగనూవచ్చు. డిగ్రీకి సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని గాలి మోయగలదు మరి. ఒకచోట పెద్ద హిమపాతం పడగానే "వేడెక్కడం ఎక్కడుందోయ్" అనేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోరు.

తాజా మంచు మీద పడ్డ వెలుగులో ఎనభై శాతం పైగా తిరిగి పోతుంది. కరిగి బయటపడ్డ నేల అందులో చాలా భాగం మింగేస్తుంది. 1967 నుంచి 2018 వరకు ఆర్కిటిక్ నేల మీద జూన్ మంచు విస్తీర్ణం పదేళ్లకి సుమారు 13 శాతం చొప్పున తగ్గింది. జూన్ అంటే సరిగ్గా ఎండ నెత్తికెక్కే నెల, అసలు దెబ్బ అక్కడ.

ఇలాంటప్పుడల్లా 1816 గుర్తొస్తుంది నాకు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో ఇండోనేసియాలోని సుంబావా దీవిలో తంబోరా అగ్నిపర్వతం పేలింది. బూడిదే ఎండని ఆపిందని చాలామంది రాస్తారు. బూడిద వారాల్లోనే రాలిపోతుంది. మిగిలేది గంధకపు వాయువు. స్ట్రాటోస్ఫియర్‌కి, అంటే మబ్బులకి పైనున్న గాలి పొరకి చేరి సన్నటి ఆమ్ల తుంపరగా మారుతుంది. అక్కడ దాన్ని కడిగేసే వాన లేదు కనక ఏడాది, రెండేళ్లు ఉంటుంది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత పడిపోయింది అర డిగ్రీ అటూఇటూ, అంతే. దానికే అమెరికా ఈశాన్య ప్రాంతంలో జూన్‌లో మంచు కురిసింది, యూరప్‌లో పంటలు పోయాయి. ఆ మసకలో సూర్యుడి మచ్చలు ఉత్త కంటికే కనబడితే, జనం తప్పంతా ఆ మచ్చలదే అన్నారు. కంటికి కనబడిందే కారణం. అప్పుడు మచ్చలు, ఇప్పుడు కోడిగుడ్డు.

ఇంత తిట్టాక ఒకటి ఒప్పుకోవాలి. గుండ్రటి పళ్లాన్ని పక్కనుంచి చూస్తే కోడిగుడ్డులాగే కనిపిస్తుంది. చిత్రకారుడు గీసింది ఏటవాలు చూపు. "పక్కనుంచి చూస్తే" అని ఒక ముక్క రాసి ఉంటే సరిపోయేది. దూరం కూడా మరీ అంత పనికిమాలినది కాదు. అంగారకుడి మీద దగ్గరకీ దూరానికీ ఎండలో తేడా దాదాపు 45 శాతం, అక్కడ ఈ వాదనకి విలువుంది. భూమి మీదా వేల ఏళ్ల లెక్కలో దూరం లెక్కకొస్తుంది. ఉత్తరాన వేసవి మెత్తబడి పాత మంచు కరక్కుండా మిగిలిపోతే హిమయుగం మొదలవుతుందని సెర్బియా శాస్త్రవేత్త మిలాంకోవిచ్ లెక్కగట్టాడు. వంపు 41,000 ఏళ్లకోసారి 22.1, 24.5 డిగ్రీల మధ్య ఊగుతుంది. కక్ష్య ఆకారం మారడానికి సుమారు లక్ష ఏళ్లు.

అయితే ఇప్పటి వేడికి ఇది సాకు కాదు. ఆ లెక్క ప్రకారం ఉత్తరాన వేసవి ఎండ కొన్ని వేల ఏళ్లుగా తగ్గుతూ వస్తోంది, మెల్లగా చల్లబడాలి. వేడెక్కిస్తున్నది వేరే: గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షలకి 280 భాగాల నుంచి 420 దాటింది. సూర్యుడే కారణమైతే స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి. అది చల్లబడుతోంది.

సరే, చిత్రకారుణ్ణి క్షమించేద్దామని బొమ్మ మళ్లీ తెరిచాను. నాలుగు భూగోళాల అక్షాలూ సూర్యుడి వైపే వాలి ఉన్నాయి. నాలుగూ ధ్రువనక్షత్రం వైపు, ఒకే దిక్కుకి ఉండాలి. ఈ బొమ్మ ప్రకారం ఉత్తరానికి ఏడాదంతా ఎండాకాలమే, దక్షిణానికి ఏడాదంతా చలి. రుతువులు ఎలా వస్తాయో చెప్పే బొమ్మలో రుతువులే లేవు!