పొడి ఆహార పానీయం: వదలని మడ్డి

భోజనానికి బదులుగా నీటిలో కలిపి తాగేందుకు నేను తయారు చేస్తున్న పొడికి ఈ విడతలో రుచి కుదిరింది. పానీయాన్ని చిక్కబరిచే జాంథన్ గమ్‌ను ముందుగా మాల్టోడెక్స్‌ట్రిన్‌లో (పిండిపదార్థం నుంచి తీసే, తేలిగ్గా కరిగే పొడి) పొడిగా కలపడంతో ఉండలు కట్టడం కూడా ఆగింది. అయినా రాత్రి కలిపి ఫ్రిజ్‌లో పెట్టిన సీసా అడుగున తెల్లవారేసరికి ఒకటిన్నర సెంటీమీటర్ల మడ్డి పేరుకుంటూనే ఉంది. ఊపితే కలుస్తుంది గానీ తాగడం పూర్తయ్యేలోపే మళ్లీ దిగిపోయి, చివరి గుక్క సున్నం నాకినట్టు ఉంటుంది.

ఒక పూటకు ఓట్స్ పిండి 60 గ్రాములు, బఠానీ ప్రొటీన్ 25, మాల్టోడెక్స్‌ట్రిన్ 20, నూనె 10, కాల్షియం కార్బొనేట్ 0.6, నీరు 400 మిల్లీలీటర్లు తీసుకుంటున్నాను. సుమారు 490 కిలోకేలరీలు, 28 గ్రాముల ప్రొటీన్ వస్తాయి. నీటిలో కరగని, నీటికంటే 2.7 రెట్లు సాంద్రమైన కాల్షియం కార్బొనేట్‌నే మొదట అనుమానించాను. దాన్ని తీసేస్తే సున్నపు రుచి పోయింది గానీ మడ్డి మందం దాదాపు అంతే ఉంది. ఓట్స్ పిండిని సన్నని జల్లెడ పట్టినప్పుడు అది 1.1 సెంటీమీటర్లకు తగ్గింది. అసలు దోషి నిమ్మ రుచి పొడిలోని సిట్రిక్ ఆమ్లమని ఇప్పుడు అనుకుంటున్నాను: అది కలిపిన సీసాలో ఆమ్లతను కొలిచే పీహెచ్ పట్టీ (అంకె తగ్గేకొద్దీ ఆమ్లత ఎక్కువ) దాదాపు 4.5 చూపింది, కలపని సీసాలో 6 దాటింది. బఠానీ ప్రొటీన్ అతి తక్కువగా కరిగేది సరిగ్గా ఆ 4.5 దగ్గరే. నిమ్మపొడి మానేస్తే మడ్డి 0.6కు దిగింది, అయితే అంతవరకు అణిగి ఉన్న పచ్చి బఠానీ వాసన పైకి తేలింది.

గమ్ 0.4 గ్రాములు వేస్తే మడ్డి ఆలస్యంగా దిగుతుంది, అంతే. ఒక గ్రాము వేస్తే అసలు దిగదు గానీ, ఓట్స్‌లోని బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు కూడా రాత్రంతా చిక్కబడటం వల్ల పొద్దునకు పానీయం తీగలు సాగుతుంది.

ఇలాంటి పొడులు అమ్మే కంపెనీల్లో, ఓట్స్, బఠానీ ప్రొటీన్లే పునాదిగా నడిచే హ్యూయెల్ పద్ధతి నాకు నచ్చుతుంది. మాల్టోడెక్స్‌ట్రిన్ మీద ఎక్కువగా ఆధారపడే మిశ్రమాలు రక్తంలో చక్కెరను త్వరగా పెంచుతాయి కనుక వాటి జోలికి పోను. అలాంటిదే మరో కంపెనీ సోయ్‌లెంట్ 2015లో కలిపి సిద్ధం చేసిన సీసాలను ఎందుకు తెచ్చిందో నాకు తెలియకపోయినా, ఈ మడ్డిని చూస్తుంటే ఆ ఆలోచన మీద గౌరవం పెరుగుతోంది. వంట లేకుండా కొలత తెలిసిన భోజనం దొరకడమే ఈ పొడుల ఆకర్షణ. నమిలే పని లేకపోవడం వల్ల కడుపు నిండిన తృప్తి త్వరగా కరిగిపోవడం మాత్రం ఏ మార్పుకూ లొంగలేదు.

తర్వాతి విడతలో ఓట్స్ పిండిని గోరువెచ్చని నీటిలో అమైలేజ్ అనే ఎంజైమ్‌తో కాసేపు ఉంచి, పిండిపదార్థాన్ని విడగొట్టి చూస్తాను. ఓట్స్ పాల తయారీలో వాడే పద్ధతి అదే. కార్బొనేట్ స్థానంలో కరిగే కాల్షియం లాక్టేట్ వేయాలని ఉంది. దానిలో కాల్షియం తక్కువ కాబట్టి సుమారు మూడు రెట్ల తూకం పడుతుంది, ఆ చేదును వెనిల్లా ఎంతవరకు కప్పుతుందో ముందుగా చిన్న గ్లాసులో పరీక్షించాలి.