వేములవాడ, సిరిసిల్ల మీదుగా ఒక ఉత్తరం

కోరుట్ల నుంచి వేములవాడ వెళ్లే బస్సు కథలాపూర్ దాటాక దారి పొడవునా మొక్కజొన్న, పసుపు చేలు. ఊరు రాగానే ముందు కనబడేవి కొత్త స్లాబు ఇళ్లు. ఏది దుబాయ్ డబ్బుతో లేచిందో, ఏది అప్పుతో ఆగిపోయిందో మా ప్రాంతం వాళ్లకు చూడగానే తెలిసిపోతుంది. ఇనుప చువ్వలు పైకి పొడుచుకొని నిలిచిపోయిన ప్రతి ఇంటిని చూసి, ఈ ఇంటి పిల్లవాడు ఎక్కడున్నాడో అనుకున్నాను. మా ఇల్లూ అలాగే ఆగింది.

మా అబ్బాయి రియాద్‌లో ఒక ఇంటికి డ్రైవరు. ఒక రాత్రి వాడి బండి తగిలి సైకిలు మీద వెళుతున్న బంగ్లాదేశ్ కూలీ చనిపోయాడు. బండి బీమా గడువు అప్పటికే తీరిపోయిందట. కట్టించాల్సింది ఖఫీల్, అంటే వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. లోపల పడింది నా కొడుకు. సౌదీలో ప్రమాదవశాత్తు ప్రాణం పోతే వారసులకు కట్టాల్సిన దియా 2011 నుంచి 3 లక్షల రియాళ్లు. మన డబ్బుల్లో 65 లక్షల పైమాటే. బీమా ఉంటే బీమా కంపెనీ కట్టేది. ఇప్పుడు ఆ సొమ్మైనా కట్టాలి, లేదా చనిపోయినవాడి కుటుంబం మాఫీ రాసివ్వాలి. సర్కారు వేసిన శిక్ష పూర్తయినా, వాళ్ల హక్కు తీరేదాకా విడుదల లేదు.

కొడుకు జైల్లో ఉన్నాడన్న మాట నేను దాచలేదు. నా అంగన్‌వాడీకి పిల్లలను తెచ్చే తల్లులందరికీ చెప్పాను. ‘అక్కడ ఫోను అందదు’ అని చుట్టాలకు చెప్పుకుంటూ లోపల కుమిలే ఇళ్లు నాకు తెలుసు. అలా దాచినంత కాలం సలహా చెప్పేవాడు కూడా గడప తొక్కడు. నేను బయటికి చెప్పబట్టే సిరిసిల్లలో ఒక అక్క ఉందని, ఆమె కొడుకు గల్ఫ్ జైలు నుంచి తిరిగొచ్చాడని తెలిసింది. ఈ ప్రయాణం ఆమె కోసమే. బ్యాగులో వకాలతు కాగితాలు, పాస్‌పోర్టు నకలు, చనిపోయినవాడి తల్లికి నేను రాసిన ఉత్తరం ఉన్నాయి.

వేములవాడలో దిగి రాజన్నకు కోడె మొక్కు చెల్లించాను. ధర్మగుండంలో కాళ్లు కడుక్కొని, టికెట్టు తీసుకొని, కోడె తాడు పట్టుకొని గుడి చుట్టూ తిరిగాను. నా ముందు నడిచిన ఆవిడ మనవడి కోసం, వెనకాల ఉన్న జంట సంతానం కోసం. నా మొక్కులో మాత్రం ఇద్దరి పేర్లున్నాయి. గుడి ఆవరణలోనే దర్గా ఉంది. రాజన్నకు మొక్కినవాళ్లు అక్కడా మొక్కుతారు. చనిపోయిన ఆ అబ్బాయి పేరు తలుచుకొని అక్కడ చాలాసేపు కూర్చున్నాను. వాడికీ మావాడి వయసే. వాడి తల్లి కూడా నాలాగే బిడ్డను బతుకుతెరువుకు పంపింది. నా బిడ్డ ఏదో ఒకనాటికి వస్తాడు. ఆమె బిడ్డ రాడు. ఈ మాట ఎవరి దగ్గరా పైకి అనలేకపోతున్నాను.

సిరిసిల్ల ఎంతో దూరం లేదు. బస్టాండు నుంచి లోపలి వీధుల్లోకి వెళ్లేకొద్దీ మరమగ్గాల చప్పుడు. అక్క ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుడుతోంది. నా కథ వింటున్నా చేతులు ఆపలేదు. ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన కేసు ఆమే ఎత్తింది. 2005లో దుబాయ్‌లో నేపాలీ వాచ్‌మన్ హత్య కేసులో ఇక్కడివాళ్లు ఐదుగురు జైలు పాలయ్యారు. 2011లో కేటీఆర్ నేపాల్ వెళ్లి, ఆ కుటుంబానికి పరిహారం ఇచ్చి, నేరం మాఫీ చేస్తూ వాళ్లు రాసిన పత్రం తెచ్చారు. అయినా ఆ ఐదుగురూ ఇల్లు చేరడానికి 2024 దాకా పట్టింది. “మాఫీ కాగితం దొరికిందని కూర్చోకు చెల్లె. అది కోర్టుకు చేరిందా, ఎవరి బల్ల మీద ఆగింది, అడుగుతూనే ఉండు” అంది.

తర్వాత నా ఉత్తరం చదివించుకుంది. అందులో బీమా సంగతి, ఖఫీల్ సంగతి, చీకట్లో సైకిలుకు దీపం లేని సంగతి అంతా ఉంది. విని చాట పక్కన పెట్టింది. “ఇది జడ్జికి చెప్పుకో. ఆ తల్లికి ఇవన్నీ ఎందుకు? నీ కొడుకు తప్పు ఎంతో ఆమె తూకం వేయాలా?” అంది. ఆ రాత్రి వాళ్లింట్లోనే పడుకొని ఉత్తరం మళ్లీ రాశాను. సగం పేజీకి వచ్చింది. ‘నీ బిడ్డ పోయాడు, అందుకు కారణం నా బిడ్డ చేతిలో ఉన్న బండి. నీ ముందు నిలబడి చెప్పాల్సింది, రాలేక రాస్తున్నాను’ అని మొదలుపెట్టాను. మాఫీ అన్న మాట చివరి వాక్యంలోనే వచ్చింది.

మర్నాడు పొద్దున్నే సిద్దిపేట మీదుగా హైదరాబాద్ జూబ్లీ బస్టాండు, అక్కడి నుంచి బేగంపేటలో ప్రజాభవన్. మంగళ, శుక్రవారాల్లో అక్కడ సర్కారు జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, గల్ఫ్ బాధితుల అర్జీలూ తీసుకుంటారు. క్యూలో నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ వాళ్లే ఎక్కువ. అర్జీ తీసుకొని, రసీదు ఇచ్చి, రియాద్ ఎంబసీకి రాస్తామన్నారు. కేసు నంబరు సరిగా రాశారో లేదో రెండుసార్లు చూసుకున్నాను. ఉత్తరాన్ని బెంగాలీలోకి మార్చే ఏర్పాటు అక్కడ లేదు.

ఆ పని కోరుట్లలోనే అయింది. బంగారు దుకాణం వెనక గదిలో నగలు చేసే బెంగాలీ కుర్రాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. నేను ఒక్కో వాక్యం చదివి చెబుతుంటే, చేతులు కడుక్కొని వచ్చి శ్రద్ధగా రాశాడు. మధ్యలో ఒకచోట ఆగి, వాళ్లమ్మ పశ్చిమ బెంగాల్‌లో మాల్దాలో ఉంటుందని చెప్పాడు. రాయడం అయ్యాక, పైన రాయడానికి ఆ తల్లి పేరు అడిగాడు. కాగితాలన్నీ తిరగేశాను. తండ్రి పేరే ఉంది. పైన ఖాళీ వదలమని చెప్పి, రియాద్‌లో మావాడి గదిలో ఉండే మెట్‌పల్లి అబ్బాయికి అక్కడి నుంచే ఫోను చేశాను. శుక్రవారం సెలవు కదా, బంగ్లాదేశ్ వాళ్లు ఎక్కువగా కలిసే బత్‌హా బజారుకు వెళ్లి చనిపోయినవాడి ఊరివాళ్లను వెతికి, ఆమె పేరు కనుక్కుంటానన్నాడు.