పిన్నిగారి గాలి

నిద్ర పట్టట్లేదు, అందుకే ఇది. పొద్దున ఆర్కిటెక్ట్ కుర్రాడు ప్లాన్ పట్టుకొచ్చాడు. విశాఖ లాసన్స్ బే కాలనీలో మా పాత ఇల్లు తీసి కొత్తది కట్టే ప్లానే, ఏడాదిగా మీకు ఇదే పురాణం చెప్తున్నా కదా.

లాప్‌టాప్ తిప్పి చూపించాడు, తూర్పు వైపు కింద నించి పైదాకా అద్దమే. "సీ వ్యూ ఆంటీ, డబుల్ గ్లాసు, కరెంటు బిల్లు సగం." సగమట! ఆరున్నరకే మొహం మీద కొట్టే ఎండకి ఎదురుగా అద్దం పెట్టి, ఆ వేడికి ఏసీ పెట్టి, ఆ ఏసీకి సోలార్ పెట్టి, మూడు కిలోవాట్లకి సెంట్రల్ సబ్సిడీ 78 వేలు కూడా లెక్కలో కలిపేశాడు. అసలు ఎండే లోపలికి రాకపోతే ఇదంతా ఎందుకు, మావయ్యగారి వరండా చేసేది ఆ పనే కదా.

అద్దం అనగానే నాకు హుద్‌హుద్ తుఫాను గుర్తొస్తుంది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మావయ్యగారు హాల్లో కిటికీ చెక్క తలుపులకి రోకలిబండ అడ్డం పెట్టి దానికి వీపు ఆనించి కూర్చున్నారు, లుంగీ అంతా తడిసి ముద్దయిపోయింది, అయినా లేవలేదు. మధ్యలో ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. చిన్నాడు బయటికి పరిగెత్తబోతే "కూర్చోరా, ఇంకా సగమే అయింది" అన్నారు. కాసేపటికి అదే గాలి ఎదురువైపు నించి అందుకుంది, మా ఇంటి ముందున్న అపార్ట్‌మెంట్ కిటికీ అద్దాలన్నీ మా వరండాలోకొచ్చి పడ్డాయి. రెండ్రోజులు ఊడ్చాం. మొన్న దసరాకి మల్లె కుండీ జరిపితే కింద ఇంకో ముక్క దొరికింది.

అలాగని పాత ఇల్లేం బంగారం కాదులెండి. ఉప్పు గాలికి లోపల ఊచలు తుప్పు పట్టి ఉబ్బి వంటింటి స్లాబు పెచ్చులు పెచ్చులుగా రాలుతోంది, నిన్న పప్పులో పడింది. పడమటి గది మే నెలలో పెనమే. కట్టాలి, తప్పదు.

అసలు నన్ను కెలికింది అద్దం కూడా కాదు. కుర్రాణ్ణి గేటు దాకా సాగనంపుతుంటే పక్కింటి పిన్నిగారు, "మూడంతస్తులా అమ్మా, అయితే మాకు గాలి పోయినట్టే" అన్నారు. అంతే, నవ్వుతూనే. మా స్థలం, మా అప్పు, మా ఇష్టం! వాళ్ళబ్బాయి కారు మా గేటుకి అడ్డం పెడితే మేం ఎప్పుడైనా అన్నామా? మధ్యాహ్నమంతా కోపం గిన్నెల మీద చూపించాను, మా ఆయన పేపర్లోంచి తల ఎత్తలేదు.

తీరా ఇప్పుడు ఆలోచిస్తే, మా ఇంటి ముందు ఆ అపార్ట్‌మెంట్ లేచినప్పుడు మేం తిట్టని తిట్టు లేదు. మావయ్యగారు సాయంత్రం కుర్చీ జరుపుకుంటూ జరుపుకుంటూ చివరికి ఉత్తరం మూల సందులో గాలి పట్టారు. ఆ గాలే మా పెరట్లోంచి పిన్నిగారి పడగ్గదికి పోతుంది. ప్లాన్‌లో మా మెట్లు సరిగ్గా అక్కడే, మూడంతస్తుల గోడ. మెట్లు జరిపితే తమ్ముడి గది చిన్నదవుతుంది, వాడు న్యూజెర్సీ నించి ఫోన్లో ఏడుస్తాడు.

ఇందాక డాబా ఎక్కి చూశా. పిన్నిగారి కర్టెన్ బాగానే ఊగుతోంది.

రేపు కుర్రాడికి ఫోన్ చెయ్యాలి. మెట్ల గురించి ఏం చెప్తానో తెలీదు గానీ అద్దం గురించి మాత్రం తిడతా.